బొగ్గు బాయి వస్తే... మంచినీళ్ల బాయి?

ఉగాది ఇంకా వారం ఉందనగా మా ఊళ్లో డప్పు మోగింది. స్కూలుకు టిఫిన్ డబ్బా సర్దుకుంటున్నదాన్ని అలాగే వాకిట్లోకి వచ్చి విన్నాను. "మన ఊరి కింద బొగ్గు బాయి పడుతున్నదట... బడి కాడ మీటింగు ఉన్నదట... ఆడోళ్లు, మగోళ్లు అందరు రావాలెనట..." అని చాటింపు.

అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న మా అత్తమ్మ తలెత్తింది. "మన బాయి మనకుండంగ ఇంకో బాయి ఎందుకే కోడలా?" అంది.

నవ్వొచ్చింది గానీ, ఆ మాటలో తప్పేం లేదు. బొగ్గు ప్రాంతంలో గనినీ 'బాయి' అనే అంటాం. నీళ్లు చేదుకునేదీ బాయే. షిఫ్టుకు వెళ్లిన మగాడు "బాయికి పోయిండు", బిందె పట్టుకుని వెళ్లిన ఆడది కూడా "బాయికి పోయింది". ఒకే మాటలో ఇద్దరి బతుకులూ ఉన్నాయి. ఒక బాయి వస్తే ఇంకో బాయి ఏమవుతుందన్నదే ఆ తర్వాత నెలన్నర పాటు మా ఊరి ఆడవాళ్లందరి ప్రశ్న అయింది.

మా గోదావరి లోయలో బొగ్గు కొత్త ముచ్చట కాదు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. అప్పట్నించీ ఈ నేల ఎన్ని లక్షల పొయ్యిలు వెలిగించిందో, ఎన్ని దీపాలు వెలిగించిందో! నేను కూడా ఆ బొగ్గు జీతం మీద పెరిగినదాన్నే. మా బాపు కోల్ ఫిల్లర్. తట్టలతో బొగ్గెత్తి టబ్బులు నింపేవాడు. ఆయన చెమటతోనే నేను డిగ్రీ చదివి, బీఈడీ చేసి, ఇవాళ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతున్నాను. అందుకే ఈ వ్యాసం గనుల మీద కోపంతో రాస్తున్నది కాదు. ఓ అప్పు తీర్చుకుందామని రాస్తున్నది. ఆ అప్పు ఏమిటో చెబుతాను.

ఆ అవ్వ బిందె

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పటి మాట. మా కాలనీలో పంపు ఉండేది. పక్క ఊరి ఆడవాళ్లు బిందెలు నెత్తిన పెట్టుకుని మైలు దూరం నడిచి ఆ పంపు దగ్గరికి వచ్చేవారు. వాళ్ల ఊరి బాయి ఎండిపోయింది. మా కాలనీ వాళ్లం నింపుకున్నాకే వాళ్లకు వంతు. ఓ సాయంత్రం తొందరలో నేను ఓ ముసలవ్వ బిందె పక్కకు జరిపి నా బిందె పెట్టాను. ఆమె కోప్పడలేదు. "నింపుకో బిడ్డా. మీ బాపు బాయిల దిగే మనిషి, అలిసి వస్తడు" అంది.

ఆ మాట నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు. తర్వాత పెద్దయ్యాక అడిగి చూశాను. ఆ బాయి ఎందుకు ఎండింది? కొందరు గని వల్లే అన్నారు. కొందరు వరసగా మూడేళ్లు వానల్లేవన్నారు. ఎవరి మాట నిజమో తేల్చడానికి ఒక్క కాగితం లేదు. గని రాకముందు ఆ బాయిలో ఎంత నీరుండేదో ఎవరూ రాసి పెట్టలేదు మరి! అప్పటికి అలా రాయాలన్న నిబంధన కూడా లేదు.

ఇప్పుడుంది. పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ అంచనా తప్పనిసరి చేస్తూ కేంద్రం 1994 జనవరిలో ఉత్తర్వు తెచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణను 1997లో అందులో చేర్చారు. ఆ తర్వాత 2006 సెప్టెంబర్‌లో కొత్త ఉత్తర్వు వచ్చింది. గని మొదలు కాకముందే ఆ నేల, నీరు, గాలి, చెట్టు, మనిషి ఎలా ఉన్నాయో రాసి, గని వస్తే ఏమవుతాయో లెక్క కట్టి, ఆ లెక్కను ఊరి ముందు పెట్టాలి. మన డప్పు చాటింపు కూడా అందులో భాగమే. పేపర్లు చేరని చోట డప్పు వేయించి చెప్పొచ్చని ఆ ఉత్తర్వులోనే ఉంది!

కింద తవ్వితే పైన మనకేంటి?

చాటింపు అయిన సాయంత్రం మా వాకిట్లో పది మంది పోగయ్యారు. సగం మందికి అసలు దిగులే లేదు. "ఓపెన్‌కాస్ట్ అయితే ఊరు పోతది గానీ, ఇది లోపల్లోపల తవ్వేది. భూమి మనదే, ఇల్లు మనదే" అన్నారు. అందులో చాలావరకు నిజముంది. భూగర్భ గనికి పైన కావలసిన స్థలం తక్కువ. దిగే దారి, ఫ్యాను హౌసు, బొగ్గు పోసే యార్డు, రోడ్డు... అంతే. మిగతా పొలాల్లో నాట్లు వేసుకోవచ్చు.

కానీ లోపల జరిగేది కూడా మనం తెలుసుకోవాలి కదా. మా బాపు అన్నం తింటూ పళ్లెంలోనే బొమ్మ గీసి చెప్పేవాడు. ముందు బొగ్గులో అడ్డంగా, నిలువుగా దారులు కొడతారు. మధ్యమధ్య బొగ్గు స్తంభాలు వదిలేస్తారు. పైకప్పును మోసేవి ఆ పిల్లర్లే. చివర్లో ఆ పిల్లర్లను కూడా తీసుకుంటూ వెనక్కి వస్తారు. అప్పుడు ఖాళీ అయిన చోట కప్పు కూలుతుంది. దాని ప్రభావం పై దాకా వస్తే నేల కుంగుతుంది, పగుళ్లు పడతాయి. ఖాళీలో ఇసుక నింపితే కుంగడం బాగా తగ్గుతుంది. పిల్లర్లను తీయకుండా వదిలేస్తే ఇంకా తక్కువ. ఎంత లోతున తవ్వుతున్నారు, బొగ్గు పొర ఎంత మందం, ఏ పద్ధతి... వీటిని బట్టి కుంగుడు మారుతుంది. అది సరిగ్గా తవ్విన చోటు మీదే ఆగదు, పక్కకు కూడా కొంత మేర పాకుతుంది.

నీటి సంగతీ అంతే. గనిలోకి ఊరిన నీటిని రాత్రింబవళ్లు పంపులతో బయటికి తోడకపోతే పని సాగదు. అలా తోడుతుంటే చుట్టుపక్కల భూగర్భ జలం ఆ వైపుకు జారుతుంది. ఎంత దూరం వరకు, ఎంత మేర అన్నది రాతి పొరల మీద ఆధారపడుతుంది. ఆ లెక్క కట్టడమే ఈ అంచనా నివేదిక పని.

జల్లెడ పట్టినట్టు చదివాను

పంచాయతీ ఆఫీసులో తెలుగు సారాంశం ఉంది. చిన్న పుస్తకం. అసలు నివేదిక ఇంగ్లీషులో ఇంత లావు! సెలవు పెట్టి రెండు రోజులు జిల్లా కేంద్రంలో కూర్చుని చదివాను. ఒక్కదాన్నే వెళ్లలేదు. మా తోటికోడలు వెంట వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ ఊరి మ్యాపు ముందు పెట్టగానే "అక్కా, మన కుంట ఏది? దర్గా కాడి బాయి ఏది?" అని అడిగింది చూడండి, అదే అసలైన పరీక్ష అయింది!

గని హద్దులోపల ఉన్న నేలను ఒక భాగంగా, చుట్టూ 10 కిలోమీటర్ల మేరను మరో భాగంగా తీసుకుని సర్వే చేశారు. గాలిలో దుమ్ము, రాత్రీ పగలూ శబ్దం, నేల సారం, నీళ్లలో ఉప్పులు, చెట్ల పేర్లు, పక్షుల పేర్లు, ఎంత మంది జనం, ఎందరు చదువుకున్నారు... అన్నీ పట్టికలే. పని కష్టపడి చేశారు. కాదనను. అయితే చదువుతుంటే మూడు చోట్ల నా వేలు ఆగింది.

మొదటిది కాలం. వానాకాలం కాకుండా ఏదో ఒక కాలంలో మూడు నెలలు కొలిస్తే చాలునని పద్ధతి. వీళ్లు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కొలిచారు. అప్పుడు మా బాయిలు నిండుగా ఉంటాయి! బడి దగ్గరి బాయిలో నీళ్లు 4.1 మీటర్ల లోతున ఉన్నాయని రాశారు. నిజమే, సంక్రాంతికి అలాగే ఉంటాయి. కానీ మాకు బాధ మొదలయ్యేది మార్చి తర్వాత. ఆ సంగతి పుస్తకంలో లేదు.

రెండోది లెక్క. మా ఊళ్లో ఆడవాళ్లు రోజూ వాడే చేదబాయిలు తొమ్మిది. పుస్తకంలో ఉన్నవి రెండు. మా అత్తమ్మ బాయి లేదు. దర్గా కాడిది లేదు. ఎండాకాలం ఊరు మొత్తానికి దిక్కయ్యే వాగు ఒడ్డు బాయి అసలే లేదు.

మూడోది అడవి. చెట్ల జాబితాలో తునికి, ఇప్ప, మొర్రి అన్నీ ఉన్నాయి, శాస్త్రీయ నామాలతో సహా. కానీ ఏప్రిల్, మే నెలల్లో ఆ తునికాకు కోసి కట్టలు కట్టి మా వాడ ఆడవాళ్లు పిల్లల పుస్తకాలు కొంటారన్న మాట ఎక్కడా లేదు. నేల పగిలితే మొదట కాలు పడేది ఆకుకు పోయిన ఆడదానిది, మేతకు పోయిన గొడ్డుది.

ఒక పట్టిక మాత్రం మా వాళ్లకు భలే నచ్చింది. నీళ్ల కాఠిన్యం. తాగే నీటిలో అది లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉంటే మంచిదని, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చని ప్రమాణం. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, మరీ తప్పకపోతే 1.5. నేను ఇవి చదివి వినిపిస్తే మా తోటికోడలు "కాఠిన్యమంటే పప్పు ఉడకని నీళ్లు అని చెప్పరాదూ!" అంది. ఏ బాయి నీళ్లతో పప్పు ఉడుకుతుందో, ఏ నీళ్లకు సబ్బు నురగ రాదో ఇంటింటికీ తెలుసు. మన వంటింట్లో ఉన్న జ్ఞానం ఆ పట్టికలోకి ఎక్కలేదు, అంతే తేడా.

తాడు, రాయి, నోటుపుస్తకం

ఇంటికొచ్చాక మేం చేసిన పని చాలా చిన్నది. ఓ కొబ్బరితాడుకు రాయి కట్టాం. మూరమూరకు ముడి వేశాం. ఆదివారం పొద్దున, ఎవరూ నీళ్లు చేదకముందే, తొమ్మిది బాయిల్లోనూ గట్టు నుంచి నీటి మట్టం దాకా కొలిచి నోటుపుస్తకంలో రాశాం. తేదీ, బాయి పేరు, మూరలు, నీళ్లు చేదేవారి సంతకమో వేలిముద్రో. బడి దగ్గరి బాయిలో మొదటి ఆదివారం 11 మూరలు. సభ ముందు ఆదివారం 17 మూరలు! గని రాకముందే ఎండాకాలం మా పరిస్థితి అది. ఈ సంగతి రాసి ఉంటేనే రేపు గని వచ్చాక ఎంత తగ్గిందో చెప్పగలం. గని వాళ్లకూ అది మేలే. ఎండ చేసిన పని వాళ్ల మీద పడదు.

ఇంట్లో మాత్రం అంత సాఫీగా సాగలేదు. మా మరిది ఐటీఐ చేసి నాలుగేళ్లుగా ఖాళీగా ఉన్నాడు. గని వస్తే ఉద్యోగమని ఆశ. ఓ రాత్రి అన్నం ముందు కూర్చుని పళ్లెం జరిపేశాడు. "వదినా, నువ్వు బాయి జీతం తిని చదువుకున్నవ్. మా వంతు వచ్చేసరికి అడ్డం పడుతున్నవా?" అన్నాడు.

గొంతులో ముద్ద దిగలేదు. నిజమే కదా! ఏం చెప్పను? లేచి చేయి కడుక్కుని, అతనికి ఆ ముసలవ్వ బిందె కథ చెప్పాను. ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. "నేను బాయి వద్దంటలేను. ఉన్నది ఉన్నట్టు రాయుమంటున్న. రేపు నీ భార్య బిందె పట్టుకుని ఎవరి పంపు కాడ నిలబడాల్నో తెలవాలె గదా?" అన్నాను. అతను ఏమీ మాట్లాడలేదు. కానీ వచ్చే ఆదివారం తొమ్మిది బాయిల దగ్గరికీ మా వెంట వచ్చి, ఫోనులో ఒక్కోదాని గుర్తులు తీసి మ్యాపు మీద పెట్టి ఇచ్చింది అతనే.

షామియానా కింద

మే మొదటి వారంలో బడి గ్రౌండులో సభ జరిగింది. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు నడిపారు. జిల్లా అధికారి అధ్యక్షత. ముందు వరుసల్లో తెల్ల చొక్కాలు. మా ఆడవాళ్లు అలవాటుగా వెనక చాప మీద కూర్చున్నారు. వీడియో తీస్తున్నారు. మైకు పట్టుకున్న వాళ్లంతా ఉద్యోగాల గురించే మాట్లాడుతున్నారు. అదీ అడగాల్సిందే. గంట గడిచింది. నేను లేద్దామనుకునేలోపే మా అత్తమ్మ లేచింది. కొంగు నడుముకు చుట్టి నేరుగా మైకు దగ్గరికి!

"సారూ, మీ పుస్తకంల మా బాయి లేదు" అంది.

సర్వే చేసిన సంస్థ అతను ఓపికగానే చెప్పాడు. అన్ని బావులూ కొలవం, ఊరికి ఒకటో రెండో నమూనాగా తీసుకుంటామని.

"బంతిల ఒక్కలకు వడ్డిచ్చి, అందరు తిన్నరని రాసుకుంటరా సారూ?"

సభంతా నవ్వింది. అధికారి కూడా నవ్వాడు. తర్వాత నవ్వాపి నోటుపుస్తకం అడిగాడు. మేం దాని నకలు, మ్యాపు, మూడు పేజీల లేఖ ఇచ్చి రసీదు తీసుకున్నాం.

ఆ తర్వాత ఒక్కొక్కరూ లేచారు. ఇళ్ల కింద పిల్లర్లు తీస్తారా అని ఒకామె. ఇళ్ల కింద తీయబోమని జవాబు. ఫ్యాను రాత్రంతా తిరిగితే పిల్లలు ఎలా పడుకుంటారని ఒకామె. నివాస ప్రాంతంలో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదు, ఆ మేరకు దూరం పెట్టాలని రాయించాం. బొగ్గు లారీల మీద టార్పాలిన్ కప్పాలని, బడి వేళల్లో నడపొద్దని మరొకామె. గని నుంచి తోడిన నీటిని శుద్ధి చేసి చెరువుకు ఇస్తామని నివేదికలో ఉంది. సంతోషమే. "మరి బాయి మూసేసినంక పంపు ఆగుతది గదా, అప్పటికి మా బాయిల నీళ్లు వస్తయా?" అని తునికాకు కోసే ఓ చెల్లె అడిగింది. ఆ ప్రశ్నకు వెంటనే జవాబు రాలేదు.

చివర్లో సభలో వచ్చిన అంశాలను తెలుగులో చదివి వినిపించారు. అలా చదవాలని నిబంధనే. అందులో ఆ చెల్లె ప్రశ్న లేదు! అప్పటికే జనం లేచి వెళ్లిపోతున్నారు. మేం కదల్లేదు. "అది కూడా రాయండి సార్" అన్నాం. రాశారు. ఇంటికి పోయి పొయ్యి వెలిగించాలన్న తొందరలో లేచి ఉంటే ఆ ప్రశ్న అక్కడే పోయేది.

ఇప్పుడేమైంది?

తొమ్మిది బాయిలనూ చేర్చి, ఎండాకాలం కొలతలు కూడా తీసి తుది నివేదికలో పెడతామని సభలో ఒప్పుకున్నారు. ఆ మాట రికార్డులో ఉంది. ఆ నివేదికను నిపుణుల కమిటీ పరిశీలించాలి. తర్వాతే అనుమతి ఇవ్వడమో, షరతులు పెట్టడమో, కాదనడమో. మా ఊరి ఫైలు ఇంకా ఆ దారిలోనే ఉంది. గని వస్తుందో రాదో నాకు తెలియదు. వస్తే మా మరిదికి ఉద్యోగం రావాలని మనసారా కోరుకుంటున్నాను.

అన్నట్టు, మా పదో తరగతి అమ్మాయిలు ఓ రోజు "టీచర్, బాయిల మేం దిగొచ్చా?" అని అడిగారు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భ గనుల్లోకి రానివ్వలేదు. 2019లో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ ఉద్యోగాల్లో పగటిపూట దిగడానికి దారి తెరిచారు. "దిగొచ్చు, బాగా చదివితే" అన్నాను. రేపు ఆ కుంగుడు లెక్కలు కట్టేది, ఆ నివేదిక రాసేది మా పిల్లల్లో ఒకతె ఎందుకు కాకూడదు? అప్పుడు బాయి లెక్క తప్పదు.

మీ ఊళ్లోనూ ఇలాంటి సభ ఉంటే...

• సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి. ఆ రోజు నుంచే పని మొదలుపెట్టండి. తెలుగు సారాంశం అడిగి తీసుకోండి. పూర్తి నివేదిక కలెక్టరేటు, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూడొచ్చు.

• ఏ నెలల్లో కొలిచారో మొదట చూడండి. మీ బావి, కుంట, వాగు, పశువుల దారి, ఆకు కోసే అడవి మ్యాపులో ఉన్నాయా చూడండి.

• నేల కుంగుడు మ్యాపు అడగండి. మీ ఇల్లు, బడి, చెరువు కట్ట ఆ గీతల్లో ఎక్కడ పడ్డాయో గుర్తించండి. ఇసుక నింపుతారా, కూలనిస్తారా, పగుళ్లు పడితే ఎవరు పూడుస్తారు, పంట నష్టం ఎవరిస్తారు అని రాయించండి.

• చదువు రాకపోయినా మాట్లాడొచ్చు. సభకు రాలేనివారు రాతపూర్వకంగా పంపొచ్చు. లేఖ ఇస్తే రసీదు మరవొద్దు.

• చివర్లో చదివే అంశాలు వినేదాకా ఇంటికి వెళ్లొద్దు.

• అనుమతి వచ్చాక అభ్యంతరం ఉంటే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లోగా వెళ్లాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల దాకా గడువు ఇవ్వొచ్చు.

సభ అయిపోయింది కదా అని మేం తాడు పక్కన పడేయలేదు. నెలకో ఆదివారం ఇప్పటికీ కొలుస్తున్నాం. మొన్న వానలకు బడి దగ్గరి బాయిలో నీళ్లు 6 మూరలకు వచ్చాయి. మా అత్తమ్మ ఆ అంకె మీద వేలిముద్ర వేస్తూ "రాసినవా కోడలా? సరిగ్గ రాయి" అంది.

రాశాను. ఆ ముసలవ్వ ఊరి బాయికి అప్పట్లో ఎవరూ రాయని లెక్క అది.